మోదుగ కర్ర, దర్భ మొలతాడు

ద్రాక్షారామం,
12-2-2024

చిరంజీవి కామేశ్వరికి,

మీ మావయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం, నా చెవులు తప్ప. మొన్న ఫోనులో నువ్వు చెప్పింది సగమే వినపడింది. మిగతా సగం చెవిలో పెట్టుకున్న మిషను కీచుమని మింగేసింది. ఇక మీదట ఏ సంగతైనా ఉత్తరంలోనే రాసుకుందాం. కాగితం కీచుమనదు, పైగా నేను మాట్లాడుతుంటే నువ్వు అడ్డం రావడానికి కుదరదు.

మన సాయికృష్ణకి ఫాల్గుణ బహుళ విదియ నాడు, అంటే మార్చి 27న, వడుగు నిశ్చయించాను. వాడి నాన్న విశాఖ నుంచి సెలవు పెట్టుకుని వస్తానన్నాడు. నీ చెల్లెలు శ్రీకళ పోయి ఆరేళ్ళవుతున్నా, కోడలు లేకుండా శుభకార్యం అనేసరికి మీ అత్తయ్యకి చెయ్యీ కాలూ ఆడటం లేదు. పిల్లాణ్ణి నువ్వు పెంచుతున్నావు గనక వాడి సంగతి బెంగ లేదు. వాడికి సంధ్యావందనం చెప్పే పని నాది.

వటువు పట్టుకునే కర్ర తల్లి వైపు వాళ్ళు తేవడం మా ఇంటి ఆనవాయితీ. మేనమామలు లేరు కాబట్టి అది నీ వంతు. మోదుగ కర్రే కావాలి, వాడు నిలబడితే తల వెంట్రుకల్ని తాకేంత పొడుగు. నడుముకి కట్టే మొలతాడు నేను పేనుతాను. అసలైతే ముంజ గడ్డితో పేనాలి. అది మన వైపు దొరకదు. దొరకనప్పుడు దర్భతో పేనుకోమని శాస్త్రమే చెప్పింది. శ్రావణ అమావాస్య నాడు కోసి ఆరబెట్టిన దర్భలు అటక మీద ఉన్నాయి.

కర్ర తెస్తున్నావు కదా అని గొప్పలు పోకు. వడుగులో గడ్డిదే పెద్ద పీట. కర్ర చేతిలోంచి జారితే వాడే వంగి తీసుకుంటాడు. మొలతాడు జారితే నలుగురూ నవ్వుతారు.

మొదటి భిక్ష మా అమ్మాయి రేవతి పెడుతుంది. తల్లి లేనప్పుడు మేనత్త, పైగా పసుపు కుంకుమలతో ఉన్న మనిషి. రాజోలు నుంచి ముందు రోజే వస్తుంది. నువ్వు రెండు రోజుల ముందే రా.

ఆశీర్వచనాలతో,
సుందరరామయ్య


కొత్తపేట,
16-2-2024

పూజ్యులైన మావయ్యగారికి,

కామేశ్వరి నమస్కారాలు. మీ ఉత్తరం సాయికి చదివి వినిపించాను. మొత్తం విని రెండే ప్రశ్నలు వేశాడు. గుండు తప్పదా? ఆ కర్రతో మామిడికాయలు రాల్చుకోవచ్చా? మొదటిదానికి తప్పదన్నాను. రెండోదానికి మీరే జవాబు చెప్పాలి.

కర్ర సంతోషంగా తెస్తాను. కానీ ఇరవై ఏళ్ళుగా డిగ్రీ పిల్లలకి బోటనీ చెప్పుకుంటూ బతుకుతున్నదాన్ని పట్టుకుని గడ్డిదే పెద్ద పీట అంటే ఎలా ఊరుకుంటానండీ? మోదుగ చిక్కుడు జాతి చెట్టు. పాదుకీ చెట్టుకీ చుట్టరికమేమిటని మీరంటారు. పువ్వు విప్పి చూడండి, తెలుస్తుంది. రెంటికీ ఒకటే కట్టు: పైన ఒక పెద్ద రేక, పక్కన రెండు, మధ్యలో పడవలా కలిసిపోయిన మరో రెండు. ఫాల్గుణం వచ్చేసరికి మోదుగ ఆకులన్నీ రాల్చేసి ఒళ్ళంతా పూస్తుంది. చుట్టుపక్కల పిట్టలన్నీ దాని మీదే ఉంటాయి. పైగా ఈ జాతి చెట్లు వేళ్ళకి బుడిపెలు కట్టుకుని నేలకి ఎరువు చేసి పెడతాయి. పక్కనున్న గడ్డి హాయిగా తిని పెరుగుతుంది.

మీ దర్భ సంగతి చూద్దాం. వేరంటే గుప్పెడు పీచు, ఆకంటే ఓ సన్నటి రిబ్బను. అయినా పరీక్ష పేపరు దిద్దే మనిషిని, అన్యాయం చెయ్యను. గడ్డి కూడా పూస్తుంది. రేకలుండవు, రంగుండదు. పురుగులతో పని లేదు, గాలి వీస్తే చాలు. ఎవరూ చూడరు గనక పూయదనుకుంటారు.

ఇక అసలు సంగతి. చుట్టూ తిప్పి అడగడం నాకు చేతకాదు. మొదటి భిక్ష నేను పెట్టాలనుంది మావయ్యగారూ. శ్రీకళ పోయిన నాటికి వాడికి ఏడాదిన్నర. పెరుగన్నం మెత్తగా పిసికి పెట్టడం దగ్గర్నుంచీ నిన్న రాత్రి కాకరకాయ వేపుడు మీద జరిగిన గొడవ దాకా వాడికి నేనే పెడుతున్నాను. మా ఆయన పోయారు కాబట్టి శుభకార్యంలో ముందుకు రాకూడదంటారని తెలుసు. రేవతి మీద నాకు ఏ కోపమూ లేదు. అయినా అడుగుతున్నాను.

మీ
కామేశ్వరి


ద్రాక్షారామం,
21-2-2024

అమ్మాయీ కామేశ్వరీ,

గడ్డికి పువ్వేమిటి అని నవ్వుకున్నాను. మర్నాడు పొద్దున్నే పంచాంగం చూసుకునే భూతద్దం పట్టుకుని కాలవ గట్టుకి వెళ్ళాను. మీ అత్తయ్య నేను ఉంగరం పారేసుకున్నాననుకుని వెనకాలే వెతుక్కుంటూ వచ్చింది. కంకి మీద బూడిద రంగు బూజులాంటిది కనపడింది. అది పువ్వేనా? డెబ్బై ఆరేళ్ళుగా ఆ గడ్డిని వేలికి చుట్టుకుంటున్నాను, పూస్తుందని ఎవరూ చెప్పలేదు. నీ మోదుగ మాత్రం పూసిన సంగతి ఊరంతటికీ చెప్పుకుంటుంది. అందుకే నాకు గడ్డి మీద మరింత అభిమానం పెరిగింది.

సాయికి చెప్పు, వడుగు కర్రతో మామిడికాయలు రాల్చకూడదు. రాల్చినా తాతగారికి చెప్పకూడదు.

మోదుగ కోసం నువ్వు కొండలూ మెట్టలూ పట్టుకు తిరగక్కర్లేదు. మా వీధి చివర కాలవ గట్టు మీదే ఉంది. మా నాన్నగారు చూపించిన చెట్టు. నా చేతుల మీదుగా జరిగిన వడుగులన్నిటికీ కర్ర దానిదే. వీలున్నప్పుడు వచ్చి కొమ్మ కోసుకో. బెరడు గీకి పసుపు రాసుకోవాలి.

భిక్ష సంగతి చూద్దాం. నాకేమీ అభ్యంతరం లేదు గానీ మీ అత్తయ్య ఒప్పుకోదు. ఆవిడ పద్ధతులు నీకు తెలుసు. పది మందీ వచ్చే చోట ఆవిణ్ణి ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం లేదు.

మీ
మావయ్య


కొత్తపేట,
27-2-2024

మావయ్యగారికి నమస్కారాలు.

ఆదివారం మీ ఊరు వచ్చాను. మీరు రామచంద్రపురంలో ఏదో హోమానికి వెళ్ళారని అత్తయ్యగారు చెప్పారు. పనసపొట్టు కూరతో భోజనం పెట్టారు. భిక్ష ఊసు ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆవిడ మనసు మీరు రాశారు కదా, మళ్ళీ అడిగి ఇబ్బంది పెట్టడం ఎందుకు?

భోజనం చేసి కాలవ గట్టుకి వెళ్ళాను. మావయ్యగారూ, కూర్చుని చదవండి. అది మోదుగ కాదు. బాడిద.

కొమ్మ పట్టుకోగానే ముల్లు దిగింది. మోదుగకి ముల్లుండదు. పువ్వు ఎర్రగా నెత్తుటి రంగులో ఉంది. మోదుగ పువ్వు నారింజ రంగులో, కింద నల్లటి మఖమల్ టోపీతో ఉంటుంది. కింద పడ్డ ఎండుకాయలు పూసలు గుచ్చినట్టు గింజ తరవాత గింజ ఉన్నాయి. మోదుగ కాయ అట్టముక్కలా ఉండి చివర ఒక్కటే గింజ పెడుతుంది. రెంటికీ మూడేసి ఆకులే, రెండూ చిక్కుడు జాతే, కాబట్టి బెరడు గీకి పసుపు రాశాక పోల్చుకోవడం ఎవరికైనా కష్టమే. కానీ మీరు చెట్టునే చూస్తున్నారు కదండీ! కంచెకి పాతే కర్ర పట్టుకుని ఎంతమంది బ్రహ్మచారులు సంధ్య వార్చారో తలుచుకుంటే బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. పక్క సీటావిడ లేచి ముందుకెళ్ళి కూర్చుంది.

కంగారు పడకండి. రంపచోడవరం వైపు నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఉంది, అసలు మోదుగ కర్ర తనతో తెప్పిస్తున్నాను. దీనితో పాటు ఒక గడ్డి కట్ట పంపిస్తున్నాను, చూడండి. గౌతమి లంకలో కోయించిన రెల్లు. మీకు దొరకని ముంజ గడ్డికి ఇది స్వయానా చెల్లెలు, ఒకే కుటుంబం, ఒకే ఇంటిపేరు. మీ దర్భ ఆ కుటుంబంలో ఎక్కడో దూరపు చుట్టం. మొలతాడు దీనితో పేనండి, శాస్త్రానికి ఇంకాస్త దగ్గరవుతారు.

మీ
కామేశ్వరి


ద్రాక్షారామం,
3-3-2024

కామేశ్వరికి,

ఆ చెట్టు మోదుగే. మా నాన్నగారు పొరబడే మనిషి కాదు. ఆ కర్ర పట్టుకున్నవాళ్ళలో ఒకడు కాశీలో వేదం చెబుతున్నాడు, ఇంకొకడు జిల్లా కోర్టులో పెద్ద వకీలు. ముల్లు దిగిందంటావా, తొందరపడి పక్క కంపని పట్టుకుని ఉంటావు.

నీ రెల్లు సంగతి చెబుతాను విను. నువ్వంతగా రాశావు కదా అని మూడు పోగులు పేని, ముందు నా నడుముకే కట్టి చూసుకున్నాను. దాని అంచు రంపం పళ్ళలా ఉంది. బొడ్డు చుట్టూ గీసుకుపోయి ఇప్పుడు కొబ్బరినూనె రాసుకుని కూర్చున్నాను. మీ అత్తయ్య నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. ఏడేళ్ళ పిల్లాడి నడుముకి దీన్ని కడదామనుకున్నావా? చెల్లెలైనంత మాత్రాన అక్క బదులు పనికొచ్చేస్తుందా? ఏ గడ్డి ఎక్కడ వాడాలో మాకు వదిలెయ్యి.

కాలేజీ పరీక్షల రోజులని విన్నాను. తీరిక లేకపోతే నువ్వు శ్రమపడి రానక్కర్లేదు. కర్ర మా జగ్గయ్య చేత పంపించినా సరిపోతుంది. వాడు వారానికి రెండుసార్లు కొబ్బరికాయల వ్యానుతో కొత్తపేట వస్తాడు.

మీ
మావయ్య


కొత్తపేట,
8-3-2024

మావయ్యగారికి,

కర్ర జగ్గయ్యతో పంపిస్తున్నాను. అసలు సిసలు మోదుగ. సాయి తల వెంట్రుకలు తాకేలా కొలిచి కోయించాను. వాణ్ణి వాళ్ళ నాన్న వచ్చి మీ ఊరు తీసుకొస్తాడు. మీరు రానక్కర్లేదన్నారు కనక నేను రాను.

రెల్లు విషయంలో తప్పు నాదే. పుస్తకంలో చుట్టరికం చూశానే తప్ప ఆకు అంచు వేలితో తడిమి చూడలేదు. మీ నడుముకి నా క్షమాపణలు చెప్పండి.

ఇంత వరకూ నవ్వుతూ రాద్దామని కూర్చున్నాను. ఇక చేతకావడం లేదు. చెల్లెలైనంత మాత్రాన అక్క బదులు పనికొస్తుందా అని మీరు గడ్డి గురించే రాశారు, నాకు తెలుసు. తెలిసినా ఆ రోజంతా అన్నం సయించలేదు. మా ఇంట్లో చెల్లెలి బదులు అక్క పనికొచ్చింది మావయ్యగారూ. ఆరేళ్ళు పనికొచ్చింది. జ్వరాలకీ, హోంవర్కులకీ, చీకటంటే భయానికీ పనికొచ్చింది. ఈ ఒక్క రోజుకి పనికిరాకుండా పోయింది.

ముంజ దొరక్కపోతే దర్భ చాలన్నది మీ శాస్త్రం. మోదుగ దొరక్కపోతే మారేడు చాలంటుందని మీరే ఒకసారి చెప్పారు. కర్రకీ గడ్డికీ ఇంత దయ చూపించిన శాస్త్రం తల్లి లేని పిల్లాడి దగ్గర ఏం చెప్పిందో మీరు నాకు రాయలేదు. అత్తయ్య ఒప్పుకోదు, పది మందీ అంటారు అని మాత్రమే రాశారు. అత్తయ్య మాటని నేను కాదనను. కానీ శాస్త్రం ఏం చెప్పిందో తెలుసుకోవాలనుంది.

వాడికి దోసెల పిండి రుబ్బాలి. ఉంటాను.

కామేశ్వరి


ద్రాక్షారామం,
14-3-2024

నా తల్లి కామేశ్వరికి,

నీ ఉత్తరం మీ అత్తయ్యకి చదివి వినిపించబోయాను. సగంలో కాగితం ఆవిడ చేతికిచ్చేశాను. తక్కిన సగం ఆవిడే అద్దాలు పెట్టుకుని చదువుకుంది.

రానక్కర్లేదని నేను రాసింది పరీక్షల హడావిడిలో నీకు శ్రమ తప్పిద్దామని. రావద్దని కాదు. నా బుర్రకి తోచినట్టు రాశాను, నీకు తగిలినట్టు తగిలింది. కోపం తీరేదాకా నన్ను తిట్టుకో, తరవాత ఈ ఉత్తరం తక్కినది చదువు.

నీ కర్ర రాగానే దాన్ని పట్టుకుని గట్టు మీదికి వెళ్ళాను. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. నీ కర్ర బరువుగా ఉంది, ఆ చెట్టు కొమ్మ బెండులా ఉంది. పట్టుకోగానే నాకూ ముల్లు దిగింది. తెల్లబోయి ఇంటికొచ్చి మీ అత్తయ్యతో చెబితే ఆవిడ ఏమందో తెలుసా?

"ఆ గుంజ పాతించింది నేనేనండీ. తొంభై ఆరు తుఫానుకి, మీరు ఊళ్ళో లేనప్పుడు, మోదుగ పడిపోయిందా, దూడని కట్టుకోడానికి అక్కడే బాడిద గుంజ పాతించేను. అది చిగిర్చి చెట్టయి కూర్చుంది."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేమే?"

"మీరు అడిగేరా?"

ఇంట్లో ఇంకా అడక్కుండా ఏమేం మిగిలిపోయాయో అని నాకు భయం వేసింది. అక్కడే నిలబడి భిక్ష సంగతీ అడిగాను. "నేనెప్పుడు వద్దన్నానండీ? పిల్లాణ్ణి పెంచిన మనిషి పెడతానంటే నాకు కళ్ళు కుట్టేయా? నా పేరు చెప్పుకుని భయపడుతున్నది మీరు" అంది. నిజమే. భయం నాదే. పది మందికీ శాస్త్రం చెప్పేవాణ్ణి, ఆ పది మందీ ఏమంటారోనని ఆవిడ కొంగు చాటున దాక్కున్నాను.

రేవతి కూడా ఫోను చేసి వాళ్ళమ్మకి చెప్పిందట: "వాడు మొదట నా దగ్గరికొచ్చేడంటే, మా ఇంట్లో బియ్యం నిండుకున్నాయి బాబూ, పెద్దమ్మ దగ్గరికెళ్ళు అనేస్తాను. ఆయ్, పది మందిలోనే అంటాను."

నువ్వు శాస్త్రం అడిగావు కనక చెబుతున్నాను. మొదటి భిక్ష తల్లిని అడగాలి. లేకపోతే అక్కచెల్లెళ్ళనో, తల్లి తోడబుట్టినదాన్నో అడగాలి. ఎవరైనా సరే, లేదనని మనిషి దగ్గరికే మొదట వెళ్ళాలి. అంతే ఉంది. పసుపు కుంకుమల ప్రస్తావన నేను చదువుకున్న ఆ చోట లేదు. రేవతి లేదంటానని ముందే చెప్పేసింది, కాబట్టి వాణ్ణి అక్కడికి పంపడానికి వీల్లేదు. వాడి మొహం చూసి లేదనలేని మనిషి నాకు తెలిసి ఒక్కతే ఉంది. ఎవరైనా నోరు విప్పితే జవాబు నేను చెబుతాను. ఇరవై ఎనిమిదేళ్ళు బాడిద కర్ర పట్టిస్తే పోల్చుకోలేనివాళ్ళు నాకేం చెబుతారు?

కాశీలో ఉన్నవాడికి మాత్రం కర్ర సంగతి రాయకు.

రెండు రోజులు ముందు రా. నా దర్భ మొలతాడు తయారైంది, నీ మోదుగ కర్ర పక్కన పెట్టాను. ఏది గొప్పదో తేల్చుకోలేక చూస్తూ కూర్చున్నాను.

నీ
మావయ్య


ద్రాక్షారామం,
30-3-2024

అమ్మాయీ,

మీరంతా వెళ్ళిపోయాక ఇల్లు బోసిగా ఉంది. సాయి తన కర్ర ఇక్కడే మరిచిపోయాడు. పెరట్లో మామిడి చెట్టు కింద దొరికింది. నేనేమీ చూడలేదు, నువ్వూ వాణ్ణి ఏమీ అనకు.

ఒక సంగతి తేల్చాలి. భిక్ష వేళకి నేను హోమం దగ్గర పొగలో కూర్చున్నాను. సన్నాయి వాడు నా నెత్తి మీదే ఊదుతున్నాడు. సాయి నీ ముందు నిలబడటం, నువ్వు వెండి గిన్నెతో బియ్యం పట్టుకోవడం కనపడింది. తరవాత మీరిద్దరూ చాలాసేపు బొమ్మల్లా నిలబడిపోయారు. అంతలో ఆడవాళ్ళంతా ఘొల్లుమన్నారు. రేవతి నవ్వుతోంది, మీ అత్తయ్య కళ్ళు తుడుచుకుంటోంది. ఏమైందని అడిగితే "కామేశ్వరినే అడగండి" అంటున్నారు ఇద్దరూ. వాడు మంత్రం మరిచిపోయాడా? వారం రోజులు నేర్పాను, మరిచిపోయి ఉంటే నాకు తలవంపులు.

మీ
మావయ్య


కొత్తపేట,
3-4-2024

మావయ్యగారికి నమస్కారాలు.

మీకు తలవంపులేమీ లేవు. మీ మనవడు పొల్లు పోకుండా చెప్పాడు. కొత్త గుండుతో, మీ దర్భ మొలతాడుతో, కర్ర భుజానికి ఆనించుకుని, జోలె పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. "భవతి భిక్షాం దేహి" అన్నాడు, మీ గొంతే విన్నట్టుంది.

తప్పంతా నాది. వాడి నోట ఆ మాట వినేసరికి నాకు చెయ్యి లేవలేదు. ఇన్నాళ్ళూ దాని కోసమే కదా మీతో అంత పోట్లాడాను! గిన్నె పట్టుకుని వాడి మొహమే చూస్తూ ఉండిపోయాను. శ్రీకళ గుర్తొచ్చింది. కాకరకాయ గొడవా గుర్తొచ్చింది. బియ్యం వెయ్యాలన్న ధ్యాస లేదు. వాడు రెండోసారి చెప్పాడు. మూడోసారీ చెప్పాడు. పక్కనుంచి రేవతి నా మోచెయ్యి పొడుస్తోంది. నాకు ఏమీ తెలియడం లేదు.

చివరికి వాడే జోలె పైకెత్తి, అందరికీ వినపడేలా అన్నాడండీ: "రోజూ అడక్కుండానే పెడతావు కదా పెద్దమ్మా, ఇవాళ ఇన్నిసార్లు అడిగినా పెట్టవేం?"

మీ
కామేశ్వరి